డిగ్రీ లేని ఇంజనీర్ల సంఘం

2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చాక యూనియన్ల మీద వాదనలు మళ్లీ వేడెక్కాయి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలోకి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అసలు యూనియన్ దేనికని అడిగితే ఒకాయన సమ్మెలు చేయించడానికంటాడు. ఇంకొకాయన కష్టంలో ఆదుకోవడానికంటాడు. లోపల ఉన్నవాళ్లు బయటివాళ్లను రానివ్వకుండా వేసుకున్న కంచె అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. ఈ మూడు మాటలూ కొత్తవి కావు. నూట డెబ్భై ఏళ్ల కిందట బ్రిటన్‌లో ఒకే సంఘాన్ని గురించి ఈ మూడూ అన్నారు. ఆ సంఘం పేరు అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్, పొట్టిగా ఏఎస్‌ఈ. పుట్టింది 1851లో. ఆ మూడు మాటల్లో ఏది నిజమో తేల్చాలంటే ముందు దాని పేరులోని చిక్కు విప్పాలి.

ఈ కథలో ఇంజనీరంటే ఎవరు

మన ఇళ్లలో ఇంజనీరంటే బీటెక్ పట్టా, మెడలో ఐడీ కార్డు, పెళ్లి చూపుల్లో కాస్త ఎక్కువ మర్యాద. 1851 నాటి మాంచెస్టర్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఆవిరి యంత్రాలు, మరమగ్గాలు, రైలింజన్లు తన చేత్తో తయారుచేసే పనివాడే ఇంజనీరు. ఫిట్టర్, టర్నర్, కమ్మరి, పోతకు చెక్క నమూనాలు చేసే ప్యాటర్న్ మేకర్, మిల్లుల్లో యంత్రాలు బిగించే మిల్‌రైట్, వీళ్లంతా ఆ పేరు కిందికే వస్తారు. మన లెక్కలో ఐటీఐ చేసినవాళ్లన్నమాట. సంఘం పేరులో ఇంజనీర్స్ అని ఉన్నంత మాత్రాన అది ఆఫీసర్ల క్లబ్బేమీ కాదు.

ఆ పనిలో నేర్పు ఎంతటిదో తెలియాలంటే ఏదైనా ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ క్లాసుకు వెళ్లి చూడండి. కుర్రాడి చేతికి ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చి చదును చేయమంటారు. వాడు గంటలతరబడి రాకి, ముక్క మీద మట్టం ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తాడు. సందులోంచి వెలుగు గీత కనిపించిందా, మళ్లీ రాకుడే. చేతులు ఊగకుండా ఆకురాయి తోయడం వచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కుతాయి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆవిరి యంత్రాల భాగాలు చాలావరకు ఇలాగే, ఉలితో చెక్కి ఆకురాయితో రాకి చేసేవారు. ఈ విద్య చేతికి రావాలంటే ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉండాలన్నది నాటి కట్టుబాటు. ఆ ఏడేళ్లే పనివాడి ఆస్తి. మామూలు కూలీకి వచ్చేదానికి దాదాపు రెట్టింపు జీతం తెచ్చిపెట్టేది అదే.

ఆ ఆస్తికి ఎసరు పెట్టింది కూడా యంత్రమే. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే, లోహాన్ని గిరగిరా తిప్పుతూ కోసే లేత్‌కు ఉలిని పట్టి ఉంచే స్లైడ్ రెస్ట్ బిగించాక ఉలిని చేత్తో పట్టుకోవాల్సిన పని తగ్గింది. అది పట్టాల మీద తానే జరుగుతూ కోసుకుంటూ పోతుంది. తరవాత వచ్చిన ప్లేనింగ్ మెషిన్, మనిషి రోజులకు రోజులు రాకి చదునుచేసే పలకను గంటల్లో చేసేసేది. ఇలా తనంతట తాను నడిచే యంత్రం దగ్గర ఏడేళ్లు నేర్చుకున్నవాణ్ని నిలబెట్టాలా, కాస్త చురుకైన కూలీవాడో కుర్రాడో చాలా? ఏఎస్‌ఈ పడ్డ పెద్ద గొడవలన్నిటికీ వేరు ఈ ప్రశ్నలోనే ఉంది.

చిన్న సంఘాలు ఒకటైన తీరు

1799, 1800 సంవత్సరాల కాంబినేషన్ చట్టాల ప్రకారం బ్రిటన్‌లో జీతం పెంచమని కార్మికులు కూడబలుక్కోవడమే నేరం. అందుకే నాటి సంఘాలు చాలావరకు సహాయ సొసైటీల ముసుగులో నడిచేవి. జబ్బు చేస్తే ఇంత, చస్తే మట్టి ఖర్చులకు ఇంత అని పైకి నియమావళి ఉండేది, లోపల జీతాల సంగతి మాట్లాడుకునేవారు. 1824లో ఆ చట్టాలు రద్దయ్యాయి. మరుసటి ఏడాదే ప్రభుత్వం కాస్త వెనక్కి తగ్గి, జీతాలు, పని గంటల వరకు కలిసి మాట్లాడుకోవచ్చని గీత గీసింది.

ఆ వెసులుబాటులో, 1826లో, మాంచెస్టర్‌లో ఆవిరి యంత్రాలు చేసేవాళ్ల సొసైటీ ఒకటి మొదలైంది. తరవాతి రోజుల్లో దాన్ని ‘ఓల్డ్ మెకానిక్స్’ అని పిలిచారు. అలాంటివి ఊరికొకటి, పనికొకటి ఉండేవి. ఒక ఊళ్లో సమ్మె జరిగితే పక్క ఊరివాళ్లు వచ్చి ఆ పని చేసి పోయే పరిస్థితి. వీటిని కలపాలని పట్టుబట్టినవాళ్లలో ఇద్దరి పేర్లు గట్టిగా వినబడతాయి. విలియం న్యూటన్ మంచి వక్త. విలియం అలన్ ఐర్లండ్‌లో పుట్టి క్రూ రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు, మాట తక్కువ, లెక్క ఎక్కువ. 1850 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో జరిగిన సమావేశం విలీనానికి ఒప్పుకుంది. 1851 జనవరిలో ఏఎస్‌ఈ సుమారు 5 వేల మందితో మొదలై, ఆ ఏడాది ముగిసేసరికి 11 వేలు దాటింది. అలన్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1874లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

వారానికో షిల్లింగు: లెక్క వేసి చూద్దాం

ఏఎస్‌ఈ చందా వారానికి ఒక షిల్లింగు. అప్పటి లెక్కలో 20 షిల్లింగులు ఒక పౌండు. నేర్పరి పనివాడి జీతం వారానికి 30 షిల్లింగుల పైచిలుకు కాబట్టి, జీతంలో దాదాపు ముప్పయ్యో వంతు సంఘానికే పోయేది. మిగతా సంఘాల చందాలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. దానికి బదులు సభ్యుడికి దక్కేదీ తక్కువ కాదు. పని పోతే మొదట్లో వారానికి 10 షిల్లింగులు. జబ్బు చేస్తే 26 వారాల వరకు వారానికి 10, ఆపైన 5. ప్రమాదంలో ఇక పనికి పనికిరాకుండా పోతే 100 పౌండ్లు. ముసలితనంలో నెమ్మదిగా బతకడానికి వారం వారం కొంత. పోతే మట్టి ఖర్చులకు 12 పౌండ్లు.

ఇది ఎలా నిలబడేదో ఒక ఊహా బ్రాంచితో చూద్దాం. సభ్యులు 100 మంది, వారం వసూలు 100 షిల్లింగులు. మామూలు రోజుల్లో నలుగురికి పనిలేదు, ముగ్గురికి జబ్బు అనుకుందాం. ఏడుగురికి పదేసి చొప్పున 70 పోతే 30 మిగులుతుంది. 52 వారాలకు 1,560 షిల్లింగులు, అంటే 78 పౌండ్లు. ఇప్పుడు వ్యాపారం పడిపోయిందనుకోండి. పనిలేనివాళ్లు నలుగురి బదులు పదిహేను మంది. ఖర్చు 180కి ఎగబాకుతుంది, రాబడి అదే 100. వారానికి 80 షిల్లింగులు లోటు. ఏడాదంతా కూడబెట్టిన 78 పౌండ్లు ఇరవై వారాలైనా రావు. అది కూడా పనిలేనివాళ్లు సైతం చందా కడుతున్నారని మనం ఉదారంగా అనుకుంటేనే.

అందుకే రెండో ఏర్పాటు చేసుకున్నారు. డబ్బు బ్రాంచిల దగ్గరే ఉంటుంది, కానీ అది బ్రాంచి సొమ్ము కాదు, మొత్తం సంఘం సొమ్ము. ఏడాదికోసారి తలసరి లెక్కన అందరికీ సమం చేస్తారు. రైలింజన్ల ఆర్డర్లు బాగా ఉన్న ఊళ్లో 100 మంది బ్రాంచి దగ్గర 200 పౌండ్లు ఉన్నాయి, ఓడల పని ఆగిపోయిన రేవు ఊళ్లో 100 మంది దగ్గర 20 మిగిలాయి అనుకుంటే, మొదటివాళ్లు 90 పంపాలి. ఇద్దరికీ 110 చొప్పున. ఊళ్లలో చిట్టీ నడిపినవాళ్లకు ఇందులో ఉన్న కిటుకు, ఇందులో వచ్చే తగాదా రెండూ తెలుస్తాయి. మన ఊరి డబ్బు మరో ఊరికి ఎందుకు పంపాలన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన సొసైటీ మాత్రమే దేశమంతా నిలబడుతుంది.

ఇంతవరకు చూస్తే ఇది బీమా కంపెనీలా ఉంది. కానీ పని పోయినవాడికిచ్చే ఆ 10 షిల్లింగుల్లో ఇంకో సంగతి దాగి ఉంది. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఎంతోకొంత ఉన్నవాడు తక్కువ జీతానికి తలొగ్గడు. ఒక ఫ్యాక్టరీ యజమాని రేటు తగ్గిస్తే, సమ్మె అన్న మాటే ఎత్తకుండా ఒక్కొక్కరే పని మానేసి సంఘం భృతి మీద ఉండొచ్చు. కొన్నాళ్లకు ఆ యజమానికి పనివాళ్లు దొరకరు. ఆ డబ్బు పద్దుల పుస్తకంలో సహాయం కింద పడుతుంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర మాత్రం ఆయుధంలా పనిచేస్తుంది. సంఘం ఆదుకునేదా, కొట్లాడేదా అన్న వాదన తెగకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఒకే షిల్లింగు రెండు పనులూ చేసింది.

1852 లాకౌట్: ఓడిన సంఘం ఎలా బతికింది

సంఘానికి ఏడాది నిండకముందే పరీక్ష ఎదురైంది. ఓల్డ్‌హామ్‌లోని హిబర్ట్ అండ్ ప్లాట్ మరమగ్గాల ఫ్యాక్టరీలో స్వయంచాలక యంత్రాల దగ్గర కూలీలను పెట్టడం మీద 1851లో గొడవ మొదలైంది. ఆ తరవాత సంఘం రెండు విషయాల మీద పట్టుబట్టింది: ఆనవాయితీగా మారిన ఓవర్‌టైమ్ పోవాలి, పీసు లెక్కన కూలి పోవాలి. 1851 డిసెంబరు 31 గడువు. యజమానులు కూడా జట్టు కట్టారు. 1852 జనవరి 10న లంకాషైర్‌లో, లండన్‌లో ఫ్యాక్టరీల గేట్లు మూసేశారు.

సమ్మెకూ లాకౌట్‌కూ తేడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. పనివాళ్లు పని ఆపితే సమ్మె, యజమాని తలుపు మూస్తే లాకౌట్. ఓవర్‌టైమ్ చేయబోమన్న కొందరి మాటకు జవాబుగా యజమానులు మొత్తం అందరినీ బయటికి నెట్టారు. సంఘంతో సంబంధమే లేని కూలీలు కూడా రోడ్డున పడ్డారు. తిరిగి రావాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఏ సంఘంలోనూ ఉండనని. ఆ కాగితాన్ని అందరూ ‘డాక్యుమెంట్’ అనే అనేవారు.

ఏప్రిల్‌కల్లా సంఘం ఓడిపోయింది. నిధి చాలావరకు కరిగిపోయింది, సభ్యులు 10 వేల లోపుకు పడిపోయారు. చాలామంది సంతకం పెట్టారు, సభ్యత్వం మాత్రం వదులుకోలేదు. బలవంతంగా రాయించుకున్న మాట మాట కిందికి రాదన్నది వాళ్ల వాదన. కొందరు ఆస్ట్రేలియా ఓడెక్కారు. సిడ్నీకి వెళ్తున్న ఫ్రాన్సిస్ వాకర్ అనే ఓడలోనే ఏఎస్‌ఈ బ్రాంచి పెట్టుకున్నారు, తీరం కనబడకముందే. న్యూటన్ అదే ఏడాది లండన్‌లోని టవర్ హామ్లెట్స్ నుంచి పార్లమెంటుకు పోటీచేసి 1,095 ఓట్లతో ఓడిపోయాడు.

ఓడిన సంఘాలు ఆ రోజుల్లో మామూలుగా మాయమైపోయేవి. ఇది మాయం కాలేదు. మూడేళ్లలో పోయిన సభ్యత్వం తిరిగొచ్చింది. 1861 నాటికి నిధి 70 వేల పౌండ్లు దాటింది. సంఘం వదిలేస్తే మట్టి ఖర్చులు, ముసలితనపు భృతి, అన్నేళ్లు కట్టిన షిల్లింగులు అన్నీ పోతాయి మరి. కోపంతో చేరినవాడు కోపం చల్లారాక పోతాడు, చందా కట్టినవాడు అంత తేలిగ్గా పోడు.

‘కొత్త నమూనా’ అన్న పేరు మీద తగువు

1894లో సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు బ్రిటిష్ యూనియన్ల చరిత్ర రాస్తూ ఏఎస్‌ఈని ‘న్యూ మోడల్’ అన్నారు. ఎక్కువ చందా, జీతం తీసుకునే కార్యదర్శి, కేంద్రం అనుమతి లేనిదే సమ్మె భృతి లేకపోవడం, జాగ్రత్తగా దాచిన నిధి, ఇవన్నీ కలిసి ఒక కొత్త తరానికి దారి చూపాయన్నది వాళ్ల మాట. 1860లో ఏర్పడిన వడ్రంగుల సంఘం ఏఎస్‌ఈ నియమావళినే చాలావరకు తీసుకుంది కాబట్టి ఆ మాటలో పస ఉంది.

తరవాతి చరిత్రకారులు, ముఖ్యంగా జి.డి.హెచ్. కోల్, దీన్ని ప్రశ్నించారు. కొత్త ఏముంది, ఓల్డ్ మెకానిక్స్ నియమాల్లో ఇవన్నీ ముందే ఉన్నాయి కదా అన్నారు. గనుల్లో, నూలు మిల్లుల్లో ఉన్న సంఘాలు ఈ దారిలో నడవనే లేదని కూడా గుర్తుచేశారు. ఈ అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది. నియమాలు పాతవే, పరిమాణం కొత్తది.

ఇంకో తగువు మరింత ఆసక్తికరం: ఈ సంఘం పిరికిదా? డబ్బు పెట్టె మీద కూర్చున్నవాడికి పోట్లాటంటే భయం అన్నది ఆరోపణ. 1867లో యూనియన్ల మీద వేసిన రాయల్ కమిషన్ ముందు అలన్ ఇచ్చిన సాక్ష్యాన్ని రెండు పక్షాలూ ఉదహరిస్తాయి. సమ్మెలన్నీ కార్మికులకూ యజమానులకూ డబ్బు దండగ అని ఆయన అక్కడ అన్నాడు. శ్రమను వీలైనంత చవగ్గా కొనడం యజమానుల లాభం, వీలైనంత ఎక్కువకు అమ్మడం మా లాభం, ఈ రెండింటికీ రాజీ ఎప్పటికీ కుదరదు అని కూడా అక్కడే అన్నాడు. రెండో మాట పిరికివాడిది కాదు, మొదటిది తెగించినవాడిది కాదు. నిధి లెక్క తెలిసినవాడు రెండూ అంటాడు.

చేతలు చూసినా అంతే. 1859-60లో లండన్ భవన నిర్మాణ కార్మికులు లాకౌట్‌లో ఉంటే ఏఎస్‌ఈ వారానికి 1,000 పౌండ్ల చొప్పున మూడు వారాలు పంపింది. నాటి యజమానులు ఉలిక్కిపడ్డ మొత్తం అది. అదే సంఘం 1871లో న్యూకాసిల్‌లో రోజుకు తొమ్మిది గంటల పని కోసం సమ్మె లేచినప్పుడు వెనకాముందాడింది. సమ్మెకు దిగినవాళ్లలో ఎక్కువమంది ఏ సంఘంలోనూ లేరు. వాళ్లు సొంతంగా నైన్ అవర్స్ లీగ్ పెట్టుకుని, ఏఎస్‌ఈ సభ్యుడైన జాన్ బర్నెట్‌ను నాయకుడిగా ఎన్నుకున్నారు. ఎదురుగా తుపాకుల ఫ్యాక్టరీ యజమాని సర్ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. బెల్జియం నుంచి, జర్మనీ నుంచి పనివాళ్లను దించినా ఐదు నెలలకు యజమానులే దిగొచ్చారు, వారానికి 54 గంటలు ఖాయమయ్యాయి. అలన్ తరవాత ప్రధాన కార్యదర్శి పదవి ఆ బర్నెట్‌కే దక్కింది.

పెట్టెలో డబ్బుంది, తాళం ఎవరిది?

ఇంత డబ్బు ఉంటే దాన్ని ఎవరైనా కాజేస్తే? 1867లో హార్న్‌బీ వర్సెస్ క్లోజ్ కేసులో కోర్టు చెప్పిన జవాబు సంఘాలన్నిటినీ ఉలికిపాటుకు గురిచేసింది. బాయిలర్లు చేసేవాళ్ల సంఘానికి బ్రాడ్‌ఫర్డ్ బ్రాంచి కోశాధికారి 24 పౌండ్లు బాకీ పడ్డాడు. వ్యాపార స్వేచ్ఛకు అడ్డుపడే సంఘం కాబట్టి దీనికి సహాయ సొసైటీల చట్టం రక్షణ లేదని న్యాయమూర్తులు తేల్చారు. ఏఎస్‌ఈ పెద్ద నిధి కూడా గాలిలో దీపమైపోయింది. 1871 ట్రేడ్ యూనియన్ చట్టం వచ్చి, వ్యాపారానికి అడ్డుపడుతుందన్న కారణంగా మాత్రమే యూనియన్ చట్టవిరుద్ధం కాదని, రిజిస్టరు చేసుకుంటే నిధికి రక్షణ ఉంటుందని చెప్పేదాకా ఆ భయం పోలేదు.

ఈ ముక్క మనకు దగ్గరిది. 1918లో మద్రాసులో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ వచ్చింది. పెరంబూరు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు అందులో సభ్యులు. 1920 వివాదంలో ఆ మిల్లులను నడిపే బిన్నీ కంపెనీ, పని ఒప్పందాన్ని ఉల్లంఘించేలా కార్మికులను రెచ్చగొడుతున్నారంటూ మద్రాసు హైకోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే ఉత్తర్వు, తెచ్చుకుంది, నష్టపరిహారం దావా వేసింది. యూనియన్ నడపడమే నేరమన్నట్టుగా అయింది. ఆ దెబ్బతోనే 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీ కేంద్ర శాసనసభలో యూనియన్లకు చట్టం కావాలని తీర్మానం తెచ్చారు. ఫలితం 1926 చట్టం. కనీసం ఏడుగురు కలిస్తే రిజిస్టరు చేసుకోవచ్చని అందులో రాశారు. వివాదం సందర్భంగా చేసిన పనులకు సివిల్ దావా నుంచి రక్షణ 18వ సెక్షన్‌లో ఉండేది. వేరే దేశం, వేరే మిల్లు, చిక్కు మాత్రం బ్రాడ్‌ఫర్డ్‌లో పడినదే: సంఘానికి చట్టం కళ్లలో ఉనికి ఉందా లేదా?

కంచె వెలుపల ఉన్నవాళ్లు

ఇక మూడో మాట, కంచె. ఇందులో ఏఎస్‌ఈని వెనకేసుకురావడం కష్టం. అప్రెంటిస్ చేసి తీరాలి, చందా కట్టే స్తోమత ఉండాలి. పక్కనే బరువులు మోసే కూలీకి ప్రవేశం లేదు. మహిళలకు అసలే లేదు. వాళ్ల వైపు వాదన కూడా వినాలి. ఏడేళ్లు తక్కువ కూలికి నేర్చుకున్న విద్యను ఎవడైనా ఆరు నెలల్లో చేసేస్తానంటే జీతం అడుగంటుతుంది, అడుగంటిన జీతంతో ఎవరికీ లాభం ఉండదు. సంఘంలోనే ఉన్న టామ్ మాన్, జాన్ బర్న్స్ మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. 1889లో లండన్ రేవు కూలీల సమ్మెను ముందుండి నడిపినవాళ్లలో ఈ ఇద్దరు ఇంజనీర్లూ ఉన్నారు.

కంచె ఎంత గట్టిదో 1897లో తేలింది. లండన్‌లో ఎనిమిది గంటల పనిదినం కోసం మొదలైన గొడవ దేశమంతా లాకౌట్‌గా మారింది. యజమానుల సమాఖ్యకు నాయకుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీ మనిషి కల్నల్ డయర్. పైకి గంటల గొడవైనా లోపల యంత్రాల గొడవే: ఏ యంత్రం దగ్గర ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించేది ఎవరు? జులైలో మొదలై 1898 జనవరికి సంఘం లొంగింది. ఎవరిని పెట్టుకోవాలో, ఎంతివ్వాలో యజమాని ఇష్టమని ఒప్పందంలో రాసుకున్నారు.

మిగతా పని మొదటి ప్రపంచ యుద్ధం చేసింది. ఫిరంగి గుండ్ల ఫ్యాక్టరీలకు మగవాళ్లు చాలలేదు. 1915 మార్చిలో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం నేర్పరుల పనిలోకి కూలీలను, మహిళలను తీసుకోవడానికి సంఘాలు ఒప్పుకున్నాయి, యుద్ధం ముగిశాక పాత పద్ధతి తిరిగి రావాలన్న షరతు మీద. 1919లో దానికోసం చట్టమే చేశారు. లేత్‌ల ముందు నిలబడ్డ మహిళలు ఇళ్లకు వెళ్లాల్సి వచ్చింది. 1920 జులై 1న ఏఎస్‌ఈ మరో తొమ్మిది సంఘాలతో కలిసి అమాల్గమేటెడ్ ఇంజనీరింగ్ యూనియన్ అయింది. దాని మొదటి ప్రధాన కార్యదర్శి, ఒకప్పుడు రేవు కూలీల కోసం తిరిగిన ఆ టామ్ మానే. ఆయన హయాంలో కూడా మహిళలకు తలుపు తెరుచుకోలేదు. అది తెరుచుకోవడానికి ఇంకో ప్రపంచ యుద్ధం రావాల్సి వచ్చింది. 1943 జనవరి 1 నుంచి మహిళలు చేరవచ్చన్నారు. ఆ ఏడాది గడిచేసరికి లక్ష మందికి పైగా చేరారు. అప్పటికి ఆ యంత్రాల దగ్గర వాళ్లు పనిచేయడం అది రెండోసారి.